ఇన్‌స్టంట్ అప్రూవలా, సింగిల్ విండోనా? హైదరాబాద్‌లో ఇల్లు కట్టే ముందు తేల్చుకోవాల్సిన సంగతులు

మా బావమరిదికి నగర శివారులో 200 గజాల ప్లాటు ఉంది. ఇల్లు మొదలుపెడదామన్న మాట బయటికి రాగానే ఇంటికొచ్చిన ప్రతి మనిషీ ఒక సలహాతోనే వచ్చాడు. "ఇప్పుడంతా ఆన్‌లైనే సార్, టీ తాగేలోపు పర్మిషన్ చేతికొస్తది" అన్నాడు మేస్త్రీ. "ఫైలు నా చేతిలో పెట్టండి, మీరు ఆఫీసు గడప తొక్కే పని లేదు" అన్నాడు ఒక కన్సల్టెంటు. "మూడో స్లాబు పడ్డాక ఎవడడుగుతాడండీ" అన్నాడు పక్క ప్లాటు పెద్దమనిషి. ఆయన ఇల్లు కట్టి తొమ్మిదేళ్లయింది. ఇప్పటికీ ఓసీ, అంటే ప్లాన్ ప్రకారమే కట్టారని ఆఫీసు ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, లేదు. కూతురి చదువుకి ఆ ఇల్లు తాకట్టు పెడదామని బ్యాంకుకి వెళ్లి తిరిగొచ్చిన సంగతి మాత్రం ఆయన చెప్పలేదు. తర్వాత ఇంకెవరో చెబితే తెలిసింది.

ఈ ముగ్గురి మాటల మధ్య ఆ ఏడాది నేను నేర్చుకున్నది ఒకటుంది. పర్మిషన్ ఏ దారిలో తొందరగా వస్తుందని కాదు, ఏ దారిలో రాసిచ్చిన మాట ప్రకారం చివరిదాకా కట్టగలమని చూసుకోవాలి. పర్మిషన్ కాగితం ఇంటి కథకు మొదటి పేజీ మాత్రమే. అసలు పరీక్ష ఓసీ దగ్గర వస్తుంది. కాబట్టి వెనక నుంచి ముందుకు ఆలోచించండి.

తెలంగాణలో ఇంటి అనుమతులు ఆన్‌లైన్లో ఇవ్వడానికి 2020లో టీఎస్‌బీపాస్ చట్టం వచ్చింది. ఆ ఏడాది నవంబరు 16న పోర్టల్ మొదలైంది. 2025లో దాని స్థానంలోకి బిల్డ్‌నౌ అనే కొత్త పోర్టల్ వచ్చింది. పేరూ తెరా మారాయి గానీ మనం ఎంచుకోవాల్సిన దారులు అవే మూడు.

మొదటిది రిజిస్ట్రేషన్. 75 గజాల లోపు ప్లాటు, అంటే 63 చదరపు మీటర్లు, ఎత్తు 7 మీటర్లు దాటకుండా గ్రౌండ్ ఫ్లోరో, దానిపై ఇంకొక్క అంతస్తో అయితే అసలు అనుమతే అక్కర్లేదు. ఆన్‌లైన్లో వివరాలు నమోదు చేసి రూపాయి కడితే చాలు. పేదవాడికి ఇది నిజంగా పెద్ద మేలు, వంక పెట్టడానికేమీ లేదు. ఒక్క సందర్భంలో మాత్రం ఆలోచించాలి: హోమ్ లోన్ కావాలంటే. బ్యాంకువాళ్లు అప్రూవ్డ్ ప్లాన్ అడుగుతారు, నమోదు రసీదు చూపిస్తే మొహం చిట్లిస్తారు. లోను మీద కట్టేవాళ్లు ప్లాటు చిన్నదైనా రెండో దారికే వెళ్లడం మేలు. ఇంకో మాట. 150 గజాల ప్లాటును కాగితం మీద రెండు ముక్కలు చేసి రెండు రూపాయలతో పని కానిచ్చేద్దామనే తెలివి కొందరికి తడుతుంది. లింకు డాక్యుమెంట్లు, అంటే ఆ స్థలం పాత అమ్మకాల కాగితాలు, తీసి చూస్తే అది దాగదు.

రెండోది ఇన్‌స్టంట్ అప్రూవల్. 500 చదరపు మీటర్ల లోపు ప్లాటు, 10 మీటర్ల లోపు ఎత్తు. స్వీయ ధ్రువీకరణ ఇచ్చి, ఫీజు కట్టగానే ప్రొసీడింగ్స్, అంటే అనుమతి పత్రం, వచ్చేస్తాయి. బ్రోకర్లు దీన్ని "600 గజాల దాకా" అంటారు. చట్టంలో లెక్క మీటర్లలో ఉంది. 600 గజాలను మీటర్లలోకి మారిస్తే 501.7. సరిగ్గా 600 గజాల ప్లాటు ఉన్నవాళ్లు ఈ తేడాను ముందే పట్టుకోవాలి.

మూడోది సింగిల్ విండో. ప్లాటు 500 మీటర్లు దాటినా, ఎత్తు 10 మీటర్లు దాటినా ఇదే దారి. వేర్వేరు శాఖల ఎన్ఓసీలు, అంటే అభ్యంతరం లేదన్న పత్రాలు, అన్నీ ఒకే దరఖాస్తుతో కదులుతాయి. 21 రోజుల్లో తేల్చాలి, తేల్చకపోతే అనుమతి వచ్చినట్టే లెక్క. ఇల్లు 18 మీటర్ల ఎత్తు దాటితే అగ్నిమాపక శాఖ ఎన్ఓసీ కూడా దీనిలోకి వస్తుంది.

చాలామంది పప్పులో కాలేసేది రెండో దారిలోనే. ఇన్‌స్టంట్ అంటే ఆఫీసు చూసి, సరేనని ఇచ్చిందని అనుకుంటారు. నిజానికి ఎవరూ ఏమీ చూడలేదు. మీరు సంతకం పెట్టి చెప్పిన మాటను నమ్మి కాగితం ఇచ్చారు, అంతే. చూడటం ఆ తర్వాత 21 రోజుల్లో జరుగుతుంది. అప్పుడు తప్పు తేలితే అనుమతి రద్దవుతుంది. తప్పుడు ధ్రువీకరణతో కట్టిన దాన్ని నోటీసు ఇవ్వకుండానే కూల్చే అధికారం కూడా ఆ చట్టంలోనే ఉంది. పాత పద్ధతిలో ఫైలు ఆరు నెలలు తిరిగేది. చిరాకే, కానీ ఎవరో ఒకరు ప్లాటు దగ్గరికొచ్చి "ఇది చెరువు బఫర్ అండీ, కట్టకూడదు" అని ముందే చెప్పేవాళ్లు. ఇప్పుడు ఆ పని కూడా మనదే అయింది.

అందుకే ఇన్‌స్టంట్ దారి ఎంచుకునే ముందు మూడు సంగతులు మీరే తేల్చుకోవాలి. ప్లాటు అప్రూవ్డ్ లేఅవుట్‌లోదా, కాదా? కాకపోతే ఎల్ఆర్ఎస్, అంటే లేఅవుట్ క్రమబద్ధీకరణ, అయిందా? 2020 ఎల్ఆర్ఎస్‌లో, లేఅవుట్‌లో ఖాళీ స్థలం వదలకపోతే ప్లాటు విలువలో 14 శాతం ఓపెన్ స్పేస్ చార్జీలుగా కట్టాలి. ఇది చిన్న మొత్తం కాదు, ఇంటి బడ్జెట్‌లో దీనికి వేరే గీత గీయండి. రెండోది నీళ్లు. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు చేరే గీత) హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువుకూ కుంటకూ 9 మీటర్లు, పది మీటర్లు మించిన వెడల్పున్న నాలాకు 9 మీటర్లు, దానికన్నా ఇరుకు నాలాకు 2 మీటర్లు వదలాలి. చెరువుల మ్యాపులు హెచ్ఎండీఏ వెబ్‌సైట్లో ఉంటాయి. 2024 జూలైలో, చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక ఈ మ్యాపులు చూసే అలవాటు నగరానికి కొత్తగా అబ్బింది. మూడోది మీ ముందున్న రోడ్డు. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

మా బావమరిది ప్లాటు 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల లోతు. ముందున్న వీధి 20 అడుగులు. నివాస ప్రాంతంలో రోడ్డు 30 అడుగులు ఉండాలి గనక నడిమధ్య నుంచి రెండు వైపులవాళ్లూ చెరి 15 అడుగులు లెక్కేసుకుని మిగిలింది వదులుకోవాలి. అంటే ఇతను 5 అడుగులు రోడ్డుకి ఇచ్చేయాలి. 200 గజాలు అక్కడికి 183 గజాలయ్యాయి. సెట్‌బ్యాకు, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ, ఆ కొత్త గీత నుంచి మొదలవుతుంది: 100 నుంచి 200 చదరపు మీటర్ల మధ్య ప్లాటుకు ముందు మీటరున్నర, మిగతా మూడు పక్కలా ఒక్కో మీటరు. ఇప్పుడు టేపు పట్టండి. వెడల్పు 30 నుంచి రెండు పక్కలా కలిపి ఆరున్నర అడుగులు పోతే ఇరవైమూడున్నర. లోతు 55 నుంచి ముందు 5, వెనక మూడుంపావు పోతే 47కి కాస్త తక్కువ. అంతస్తుకు సుమారు 1,100 చదరపు అడుగులు. రోడ్డుకు వదలకుండా లెక్కేసుకుంటే 1,214 వచ్చేది. మూడంతస్తుల మీద తేడా 350 అడుగులు, అంటే అటాచ్డ్ బాత్రూమ్‌తో రెండు గదులు! మేస్త్రీ వేసిచ్చిన లెక్క రెండోది. అతని లెక్కతోనే మా చెల్లెలు వంటింటి అలమరాల దాకా ఊహించేసుకుంది.

ఎత్తు సంగతి కూడా ఇలాగే. పది మీటర్లంటే 32.8 అడుగులు. ఒక్కో అంతస్తు స్లాబు నుంచి స్లాబుకు పదడుగులు, ప్లింత్ రెండడుగులు వేసుకుంటే 32. సరిపోయింది. "హాలు కాస్త ఎత్తుగా ఉంటే బాగుంటది, పదకొండు వేద్దాం" అంటే 35. అప్పుడు ఇన్‌స్టంట్ దారి మూసుకుపోయినట్టే. పిట్టగోడ, మెట్ల గది, వాటర్ ట్యాంకు ఈ లెక్కలోకి రావు. మెట్ల గదిని పెంచి, కిటికీ పెట్టి, ఏసీ బిగించి దాన్ని పెంట్‌హౌస్ చేసే విద్య మన ఊళ్లో బాగా వ్యాపించింది. ఓసీ తనిఖీకి వచ్చినవాళ్లకీ ఆ విద్య తెలుసు.

ఇక ప్లాటు దగ్గర ఒక తెల్లవారు జామున జరిగింది చెబుతాను. ముగ్గు పోయడానికి మేస్త్రీ దారాలు కట్టాడు. మా మామయ్య రిటైర్డ్ సర్వేయరు. ఎవరూ అడక్కుండానే తన స్టీలు టేపు తీసి, వెనక గోడ దగ్గర వంగాడు. డాక్యుమెంటులో 30 అడుగులు. నేల మీద 29 అడుగుల 4 అంగుళాలే. అక్కడ ఒక పక్కనున్నాయన కాంపౌండ్ గోడ ఎప్పుడో ఇటు జరిగింది. ప్లాన్ గీసిన సారు ప్లాటుకి రానేలేదు, డాక్యుమెంటు జిరాక్స్ చూసి గీసేశాడు. అలాగే కడితే వెనక మూలలో మీటరు సెట్‌బ్యాకుకు ఎనిమిది అంగుళాలు తక్కువ పడేది. పక్కల సెట్‌బ్యాకుల్లో పది శాతం దాకా తేడా వస్తే జరిమానాతో సర్దే వీలుంది. మీటరులో పది శాతం ఎంత? నాలుగు అంగుళాలు. గోడకి బయట రాయి అతికిస్తేనే దాంట్లో సగం పోతుంది. ప్లాన్ సవరించి, పడకగదిని ఎనిమిది అంగుళాలు లోపలికి లాగి, మళ్లీ అప్‌లోడ్ చేసేసరికి మూడు వారాలు పట్టింది, ముహూర్తం దాటిపోయింది. మా అత్తయ్య ఆ సారుని ఇప్పటికీ క్షమించలేదు. నన్నడిగితే పునాది తవ్వకముందు పోయిన ముహూర్తం చవకే.

దీన్నుంచే ఎవరితో చేయించుకోవాలన్న రెండో ప్రశ్న పుడుతుంది. డ్రాయింగు లైసెన్సున్న ఆర్కిటెక్టో ఇంజినీరో ఇవ్వాలి. ఇందులో మీకు స్వేచ్ఛ లేదు. మిగతా పని, అంటే డాక్యుమెంట్ల స్కానింగు, ఫీజులు, షార్ట్‌ఫాల్‌లకు (దరఖాస్తులో లోపాలని ఆఫీసు చెప్పేవాటికి) జవాబులు, మీరే చేసుకోవచ్చు, ఆయనకే అప్పగించొచ్చు, మధ్యవర్తికి ఇవ్వొచ్చు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాళ్లకు సొంతంగా చేసుకోవడం కష్టమేమీ కాదు. సేల్ డీడు, లింకు డాక్యుమెంట్లు, ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఈసీ, ఎల్ఆర్ఎస్ ప్రొసీడింగ్స్ ఉంటే అవి, వ్యవసాయ భూమి నుంచి మారిన స్థలమైతే నాలా కన్వర్షన్ (వ్యవసాయేతర వాడకానికి మార్చిన కాగితం), ప్లాటు ఫోటో. రెండు ఆదివారాల పని. ఆర్కిటెక్టుకే మొత్తం అప్పగిస్తే ఖర్చు కాస్త పెరుగుతుంది గానీ డ్రాయింగుకీ దరఖాస్తుకీ జవాబుదారీ ఒక్కడే అవుతాడు. నా ఓటు దీనికే, ఒక షరతు మీద: ప్లాటుకి వచ్చి, సొంతంగా కొలిచి, ఆ కొలతల కాగితం మీకిచ్చే మనిషైతేనే. ఫీజు బేరమాడే ముందు "కొలతకి ఎప్పుడొస్తారు?" అని అడగండి. "అక్కర్లేదండీ, డాక్యుమెంటు వాట్సాప్ చేయండి" అంటే దండం పెట్టి లేచి రండి.

మధ్యవర్తి చవగ్గా కనబడతాడు. కానీ పోర్టల్లో ఎవరి ఫోన్ నంబరు పెడతాడో చూడండి. చాలాసార్లు తనదే పెడతాడు. షార్ట్‌ఫాల్ మెసేజీ వచ్చినా, రద్దు నోటీసు వచ్చినా అతని ఫోన్‌కే. మీకు తెలిసేసరికి గడువు దాటిపోతుంది. ఎవరితో చేయించినా ఓటీపీ మీ ఫోన్‌కే రావాలి, ఫీజు మీ ఖాతా నుంచే పోవాలి. ఫైలు నంబరు తీసుకుని పోర్టల్లో మీరే కొట్టి చూడండి. ప్రింటు మీద ఉన్న ప్లాన్, పోర్టల్లో ఉన్న ప్లాన్ ఒకటేనా అని పోల్చండి. రెండూ వేర్వేరైన ఇల్లు ఒకటి నాకు తెలుసు. ఆ ఇంటాయన మంచం మీద పడుకుని చూసే గోడ, అప్రూవ్డ్ ప్లాన్ ప్రకారం ఖాళీ స్థలం.

అసలు అనుమతే లేకుండా కట్టడం, వచ్చిన అనుమతి మీద ఒకటో రెండో అంతస్తులు ఎక్కువ వేయడం నగరంలో చూస్తూనే ఉన్నాం. దీన్నొక ఆప్షన్‌గా పోల్చడం నాకు ఇష్టం లేదు, కానీ జనం మనసులో పోల్చుకుంటూనే ఉంటారు గనక చెప్పాలి. మునుపు "ఎప్పుడో ఒకప్పుడు బీఆర్ఎస్ వస్తుందిలే" అనే ధీమా ఉండేది. పార్టీ కాదు, అక్రమ కట్టడాల క్రమబద్ధీకరణ పథకం. 2015లో వచ్చిన బీఆర్ఎస్ కోర్టు వ్యవహారంలో చిక్కుకుని, దరఖాస్తులు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయాయి. అనుమతి లేని కట్టడానికి ఆస్తి పన్నుతో పాటు అంతే జరిమానా ఏటా పడుతుంది, అది కట్టినంత మాత్రాన ఇల్లు సక్రమం కాదు. పైగా 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఒక తీర్పులో ఓసీ చూశాకే బ్యాంకులు ఆ కట్టడం మీద అప్పివ్వాలని, కరెంటు, నీళ్ల కనెక్షన్లు కూడా అది చూశాకే ఇవ్వాలని చెప్పింది. పక్క ప్లాటు పెద్దమనిషి తొమ్మిదేళ్ల కింద కట్టినప్పటి లెక్కలు వేరు.

శివార్లలో ఇంకో ఆకర్షణ ఉంది, పంచాయతీ పర్మిషన్. ఊరు ఇంకా పంచాయతీలోనే ఉండి, మీ కట్టడం దాని అధికార పరిధిలోదైతే అది న్యాయమైన దారే. ఊరు మున్సిపాలిటీలో కలిసిపోయాక కూడా "పాత తేదీతో తెప్పిస్తాం" అనేవాళ్లుంటారు. మంచి పాత కాగితం, పాత సెక్రటరీ సంతకం, అన్నీ ఉంటాయి. బ్యాంకు లీగల్ ఒపీనియన్‌లో అది రెండు నిమిషాలు నిలబడదు. పంచాయతీ లేఅవుట్ అన్న మాట విన్నా అంతే జాగ్రత్త: హెచ్ఎండీఏ గానీ డీటీసీపీ (పట్టణ ప్రణాళిక శాఖ) గానీ మంజూరు చేయని లేఅవుట్‌కు సర్పంచ్ సంతకంతో ప్రాణం రాదు.

ఆంధ్రప్రదేశ్‌లో కట్టుకునేవాళ్లకు ఈ మూడు దారుల లెక్క వర్తించదు. అక్కడ అనుమతులిచ్చే డీపీఎంఎస్ పోర్టల్ వేరు, 2025లో తెచ్చిన సెల్ఫ్ సర్టిఫికేషన్ పద్ధతిలో లైసెన్సున్న టెక్నికల్ పర్సన్ భుజాన బరువు ఎక్కువ. కాబట్టి విజయవాడలోనో విశాఖలోనో అయితే మనిషిని ఎంచుకోవడం, దారిని ఎంచుకోవడం దాదాపు ఒకటే.

చివరగా, ఈ మధ్య ఇద్దరు అన్నదమ్ములు అడిగిన ప్రశ్న. పక్కపక్కనే చెరో 350 గజాలు. విడివిడిగా ఇన్‌స్టంట్‌కి వెళ్లాలా, కలిపి సింగిల్ విండోకి వెళ్లాలా? విడిగా అయితే ఒక్కో ప్లాటు 293 మీటర్లు, ఇన్‌స్టంట్ పరిధిలోనే. కలిపితే 585, తప్పనిసరిగా సింగిల్ విండో. కలిపితే లాభం ఉంది. మధ్యలో రెండు ఇళ్లకూ వదలాల్సిన సందు కలిసొస్తుంది, ఎత్తుకు పది మీటర్ల గీత ఉండదు, కింద కార్లకు చోటు హాయిగా వస్తుంది. నష్టమూ ఉంది. ఫీజులు పెరుగుతాయి. నిర్మాణ ఖర్చులో ఒక శాతం లేబర్ సెస్ పెద్ద అంకె అవుతుంది. అన్నిటికన్నా, ఒకరు డబ్బు లేక ఆగితే ఇద్దరి ఇల్లూ ఆగుతుంది.

పెద్దాయన కలిపే కడదామన్నాడు. చిన్నాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "అన్నయ్యా, నీ దగ్గర డబ్బుంది, నాది లోను. నాకు వచ్చే దసరాకి గృహప్రవేశం కావాలి, అద్దె కట్టలేకపోతున్నా" అన్నాడు. అంతే, విడివిడిగా అని తేలిపోయింది. ఇప్పుడు ఇద్దరూ ఒకే ఆర్కిటెక్టుని పెట్టుకున్నారు. మధ్య గోడ దగ్గర ముందు కొలిపించుకోండని నేను చెప్పాల్సిన పని లేకపోయింది. ఆయన మొదటిరోజే టేపుతో వచ్చాడు.